నాలుగు ట్యూబుల్లో ఒకే రక్తం

మా రక్తపరీక్షల సెంటరులో ఒక పద్ధతి ఉంది. మిషనులో పోసే రసాయనం కొత్త డబ్బా విప్పినప్పుడల్లా అది సరిగ్గా పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ముందు మా రక్తమే పోస్తాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లెక్కలు ఎలా ఉండాలో అందరికీ తెలుసు కాబట్టి, తేడా వస్తే తప్పు డబ్బాదే అని పట్టేయవచ్చు. నేను కొవ్వు పరీక్షల విభాగానికి మారిన కొత్తలో నా వంతు వచ్చింది. చెయ్యి చాపాను.

రక్తం తీసే అతన్ని మేమంతా దోమ అంటాం. ఆయన ఎదుటే అంటాం. "నా ఉద్యోగం అదేగా" అని నవ్వుతాడు తప్ప ఏమీ అనుకోడు. ఆ రోజు నా ట్యూబు మిషనులో పెట్టి అరగంట గడిచాక, తెర మీద వచ్చిన అంకె చూసి ఆయనే కేకేశాడు.

"ఏమ్మా, నీ ఒంట్లో నెత్తురు పారుతోందా, నూనె పారుతోందా?"

కొలెస్ట్రాల్ మూడు వందలు దాటింది. అందులో చెడ్డది రెండు వందల నలభై. నాతోపాటు రక్తమిచ్చిన మిగతా అయిదుగురివీ మామూలుగానే ఉన్నాయి. డబ్బా మంచిదేనని తేలిపోయింది. అయినా నాకు నమ్మకం కుదరక మర్నాడు మళ్లీ తీయించుకున్నాను. అదే అంకె.

మా డాక్టరమ్మ నన్ను తన గదిలోకి పిలిచింది. కూర్చోమంది. ఆమె ఎవరినైనా కూర్చోమంటే అది మంచి కబురు కాదని మాకందరికీ తెలుసు.

"మీ నాన్నగారు ఉన్నారా?"

"లేరు మేడమ్. నా చిన్నప్పుడే పోయారు. గోడలకి రంగులేసేవారు. నిచ్చెన మీద నుంచి పడి చనిపోయారు."

"పడి చనిపోయారా, చనిపోయి పడ్డారా?"

ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరమూ ఆ ప్రశ్న అడగలేదు. నిచ్చెన పాతదనీ, నేల తడిగా ఉందనీ, మేస్త్రీ తొందరపెట్టాడనీ చెప్పుకున్నాం. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ మేస్త్రీని తిట్టిపోసింది.

"కంటి రెప్పల మీద పసుపు రంగు బొడిపెల్లాంటివి ఉండేవా? మడమ వెనక నరం లావుగా ఉండేదా?"

ఉండేది. నాన్న కొత్త బూట్లు కొన్న రోజునే వెనక భాగం కత్తితో కోసేసేవాడు. నిచ్చెన ఎక్కడానికి వీలుగా ఉంటుందని అలా చేస్తాడనుకునేదాన్ని.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. ఇది తిండి వల్ల వచ్చింది కాదట, తండ్రి నుంచి వచ్చిందట. పుట్టినప్పటి నుంచీ రక్తంలో కొవ్వు ఎక్కువగానే తిరుగుతూ, గుండె గొట్టాల లోపల కొంచెం కొంచెంగా పేరుకుంటుందట. నలభై దాటేలోపే మనిషిని పడగొట్టగలదట. "భయపడకు. రోజుకో మాత్ర చాలు. తెలిసినవాళ్లు బతుకుతారు, తెలియనివాళ్లకే ప్రమాదం. నీకు తోడబుట్టినవాళ్లు ఎంతమంది?"

"ఒక్క అన్నయ్య."

"వెంటనే తీసుకురా. ఆయనకీ ఉండే అవకాశం సగానికి సగం."

వెంటనే అనడం ఆమెకి తేలిక. అన్నయ్య ఇల్లు నా గది నుంచి బస్సులో ఎంతో దూరం కాదు. అయినా నేను అక్కడికి వెళ్లి చాలా కాలమైంది. మా మధ్య గొడవేమీ లేదు. ఉంటే బాగుండేదేమో, సర్దుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. నాన్న పోయాక అన్నయ్య బడి మానేసి బస్సులు కడగడానికి వెళ్లాడు. కడిగిన బస్సులోనే పడుకుని, పగలు నడపడం నేర్చుకుని డ్రైవరయ్యాడు. నన్ను మాత్రం పుస్తకం వదలనివ్వలేదు. నా పేరే మార్చేశాడు, "పుస్తకం" అని. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. డిపోలో అందరికీ చెప్పుకుంటాడట, మా చెల్లెలు పెద్ద ల్యాబులో చేస్తుంది అని.

కానీ నేను వెళితే ఆ ఇంట్లో టీవీ ఆగిపోతుంది. వదిన కొంగుతో కుర్చీ తుడిచి నాకు వేస్తుంది. వాళ్లిద్దరూ, వాళ్ల పాపా, ముగ్గురూ మంచం అంచున వరుసగా కూర్చుని నా వంక చూస్తారు. ఉద్యోగం ఎలా ఉంది అంటాడు అన్నయ్య. బాగుంది అంటాను. ఆ తర్వాత ఎవరి దగ్గరా మాట ఉండదు. నేను గుమ్మం దాటి మెట్లు దిగుతుంటే వెనక మళ్లీ టీవీ మోగుతుంది. వాళ్ల నవ్వులూ వినిపిస్తాయి. చుట్టం వెళ్లిపోయాక ఇల్లు ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. ఆ చుట్టం నేనే కావడం నాకు కష్టంగా ఉండేది. అందుకే వెళ్లడం తగ్గించాను.

నేనుండేది ఒక జిరాక్సు దుకాణం పైన ఒంటి గది. కింద మిషను ఆగితే తప్ప ఇల్లంతా సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఆ వారం అన్నయ్యకి ఫోన్ చేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. నాన్న ఎలా పోయాడో నాకిప్పుడు తెలిసింది, నువ్వూ అలాగే పోవచ్చు అని ఫోనులో ఎలా చెప్పాలి? మా ఇద్దరికీ అంత మాట మాట్లాడుకునే అలవాటు పోయింది.

నా కష్టం తీర్చడానికేనన్నట్టు డిపో డ్రైవర్లకి ఏటా జరిగే వైద్య పరీక్షలు వచ్చాయి. దోమ పొద్దున్నే డిపోకి వెళ్లి డ్రైవర్ల రక్తం తీసుకుని పెట్టె నింపుకొచ్చాడు. ట్యూబులు సర్దుతుంటే ఒకదాని మీద అన్నయ్య పేరు. దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. అన్నయ్యని తాకి ఎంత కాలమైందో అనిపించింది.

మిషను అంకెలు చూపించింది. కొలెస్ట్రాల్ నూట యాభై. చెడ్డది ఎనభైలోపు. పసిపిల్లాడి రక్తంలా ఉంది.

అమ్మయ్య అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కళ్లు చెమ్మగిల్లాయి కూడా. కానీ మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుకుని ఒక్కదాన్నే తింటుంటే వేరే ఆలోచన పాకుతూ వచ్చింది. అంటే నాన్నది నాకొక్కదానికే వచ్చిందన్నమాట. ఆ మంచం అంచున నాకెలాగూ చోటు లేదు. చివరికి రక్తంలో కూడా నేను వేరే అయిపోయాను. తోడబుట్టినవాడికి జబ్బు లేదని తెలిసి ఇలా అనుకునే మనిషి ఉంటుందా? ఉంది. సగంలోనే డబ్బా మూసేశాను.

సాయంత్రం రిపోర్టులు పంపే ముందు అంకెలన్నీ మరోసారి సరిచూడటం నా పని. అప్పుడు కంటపడింది. అన్నయ్య అంకెలు ఎలా ఉన్నాయో, ఆ తర్వాతి ట్యూబువీ అలాగే ఉన్నాయి. ఆ తర్వాతిదీ అంతే. దాని తర్వాతిదీ అంతే. ఒకటీ అరా తేడా, అంతకు మించి లేదు. నలుగురు డ్రైవర్లు. ఒకరికి యాభై దాటాయి, ఒకరికి ముప్పై కూడా లేవు. నలుగురికీ ఒకే కొవ్వు, ఒకే షుగరు.

మిషను మొరాయించిందనుకుని, లెక్క తెలిసిన శాంపిలు పోసి చూశాను. మిషను నిక్షేపంలా ఉంది. నాలుగు ట్యూబులూ తీసి వెలుగుకి ఎదురుగా పట్టుకున్నాను. పైన తేలిన నీరు నాలుగింట్లోనూ ఒకటే ముదురు పసుపు.

"దోమగారూ, ఈ నలుగురి మొహాలు గుర్తున్నాయా?"

"మొహాలు నేనెప్పుడు చూశానమ్మా? చెయ్యి చూస్తాను, నరం చూస్తాను. అంతే."

"పోనీ చేతులు?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. "ఒక సన్నటి చెయ్యి. మోచేతి పక్కన పుట్టుమచ్చ. మళ్లీ అలాంటిదే ఇంకోటి వచ్చింది, చొక్కా రంగు వేరు. కవలలేమో అనుకున్నా. మూడోసారి వస్తే..."

"వస్తే?"

"ముగ్గురు పుట్టారేమో అనుకున్నా. నాలుగోసారి నేను అనుకోవడం మానేశాను తల్లీ, అవతల లైను చాంతాడంత ఉంది."

నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అన్నయ్యది సన్నటి చెయ్యి కాదు, దాని మీద పుట్టుమచ్చా లేదు. అంటే అన్నయ్య రక్తం ఎలా ఉందో ఎవరికీ తెలియదు.

రిపోర్టులు ఆపేశాను. పని అయిపోగానే బస్సెక్కాను.

వదిన తలుపు తీసి, నన్ను చూసి, వెంటనే కుర్చీ కోసం లోపలికి వెళ్లింది. అన్నయ్య అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, పెరటి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు.

"ఏం పుస్తకం, దారి తప్పావా?"

నేను అతని మడమలు చూస్తున్నాను. వెనక నరం తాడులా లావుగా, బొటనవేలంత ఎత్తున ఉబ్బి ఉంది. రెండు కాళ్లకీ. చిన్నప్పటి నుంచీ చూస్తున్న కాళ్లే, ఎప్పుడూ కనిపించలేదు. మొహం తుడుచుకుని ఇటు తిరిగాడు. కుడి రెప్ప మీద, ముక్కు వైపు, చిన్న పసుపు బొడిపె.

"పొద్దున్న డిపోలో నెత్తురిచ్చింది ఎవరన్నయ్యా?"

తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి నడిచాడు. "ఇదేం ప్రశ్న? నేనే."

"నీ చెయ్యి చూపించు. సూది గుచ్చిన చోటు."

వదిన కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అన్నయ్య నన్ను చూసి పకపకా నవ్వాడు.

"దొరికిపోయామే! చూశావా, మా చెల్లెలంటే ఏమనుకున్నావ్?" అన్నాడు వదినతో. "మా అగ్గిపుల్ల గాడు లేడూ, వాడిది బంగారం లాంటి నెత్తురు. పోయిన ఏడాది రిపోర్టులో ఒక్క ఎర్రగీత లేదు. అందుకని వాడినే కూర్చోబెట్టాం. వాడు నాలుగోసారి కళ్లు తిరుగుతున్నాయని ఏడుస్తుంటే పట్టుకుని టీ తాగించాం."

"ఎందుకు అన్నయ్యా?"

"ఎందుకంటే? పెద్ద మీసాలాయనకి కిందటేడు రిపోర్టులో ఏదో వచ్చింది. మర్నాడే స్టీరింగు మీద నుంచి దించేసి షెడ్డులో పెట్టారు. బస్సులు కడుగుతున్నాడు. నేను అక్కడి నుంచే కదా ఎక్కింది, మళ్లీ అక్కడికే దిగమంటావా?"

నేను చెప్పాను. నా అంకెలు చెప్పాను. నాన్న గురించి డాక్టరమ్మ అడిగిన ప్రశ్న చెప్పాను. నాన్న బూట్ల గురించి చెప్పాను. చెబుతుంటే అతని నవ్వు పోయింది. తన మడమ మీదికి చెయ్యి తెలియకుండానే వెళ్లింది. ఒక్క క్షణమే. మళ్లీ చెయ్యి తీసేశాడు.

"నాకేం? ఉక్కులా ఉన్నాను."

"నాన్న కూడా ఉక్కులానే ఉండేవాడు. ఆ పొద్దున రెండు బకెట్లు ఒక్క చేత్తో పట్టుకెళ్లాడు. నీ వెనక బస్సులో యాభై మంది కూర్చుంటారు."

"నాకు తెలియదా ఎంతమంది కూర్చుంటారో? నువ్వు చెప్పాలా?" గొంతు పెరిగింది. "సరే, నేను తర్వాత చూపించుకుంటాను. ఆ రిపోర్టులు పంపించెయ్. నీ చేతిలో పని."

"పంపలేను. అవి నీవి కావు. రేపు పొద్దున్నే డాక్టరమ్మకి చెబుతాను. ముందు నీకు చెప్పాలని వచ్చాను."

నా మేనకోడలు పక్క గది గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నలుగురి పొట్ట కొడతావా?" అన్నాడు చివరికి. "నిన్ను చదివించింది ఇందుకా?"

"ఇందుకే అన్నయ్యా."

ఎలా అన్నానో నాకు తెలియదు. అతను నా వంక చూడలేదు. వదినతో మాత్రం అన్నాడు, "ఆ కుర్చీ లోపల పెట్టెయ్."

నేను ఇంకా అందులో కూర్చోలేదు.

మర్నాడు డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ డిపోకి ఫోన్ చేసి, నాలుగు శాంపిళ్లు పేర్లతో సరిపోవడం లేదని, ఆ నలుగురూ ఫొటో కార్డులతో సెంటరుకే రావాలని చెప్పింది. ఎవరు ఎవరి కోసం చెయ్యి చాపారో ఆవిడ అడగలేదు. నలుగురూ వచ్చారు. అగ్గిపుల్ల ముందుగా కూర్చుని, "ఇదుగో సార్, ఈసారి నాదొక్కటే, మళ్లీ రాను" అన్నాడు దోమతో. దోమ మొదటిసారి తలెత్తి అతని మొహం చూశాడు.

అన్నయ్య వంతు వచ్చినప్పుడు దోమ నాకు సూది అందించి పక్కకి తప్పుకున్నాడు. నేను అడగకుండానే. అన్నయ్య చెయ్యి బల్ల మీద పెట్టి కిటికీ వైపు తిరిగాడు. స్టీరింగు పట్టి పట్టి అరచెయ్యి కాయలు కాసి ఉంది. "పిడికిలి బిగించు" అన్నాను. బిగించాడు. "వదులు" అన్నాను. వదిలాడు. చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిన చెయ్యి అది. దూది పెట్టి అదిమి పట్టుకోబోతే తనే పట్టుకుని లేచిపోయాడు.

అతని కొలెస్ట్రాల్ నాకంటే ఎక్కువ. చెడ్డది రెండు వందల డెబ్బై. తెర మీద ఆ అంకె చూసినప్పుడు నాకు కలిగిన మొదటి ఆలోచన ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. నాకు తోడున్నాడు అనుకున్నాను. ఆ తర్వాతే భయం వేసింది.

తర్వాత గుండె డాక్టరు అతన్ని యంత్రం మీద నడిపించాడు. నడుస్తుంటే గుండె గీతల్లో లోపం కనిపించింది. ఇంకో పరీక్ష చేస్తే ఒక గుండె గొట్టంలో సగానికి పైగా పూడిక అని తేలింది. ఇంకా పూర్తిగా మూసుకోలేదు, మంచి సమయానికి వచ్చారు అన్నాడట. ఆ మంచి సమయం అన్నయ్యకి మంచిగా కనిపించలేదు. డాక్టరు సరేననేదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. షెడ్డులో బస్సులు కడిగే పని ఇచ్చారు. మిగతా ముగ్గురికీ ఏమీ కాలేదు, వాళ్ల బస్సులు వాళ్లు నడుపుకుంటున్నారు. మీసాలాయన పక్కన నీళ్ల గొట్టం పట్టుకుని నిలబడే అన్నయ్యని చూసి డిపోలో వాళ్లు, "మీ చెల్లెలు ఇంకా ఏమైనా పరీక్షలు చేస్తుందటా?" అని నవ్వుతారట. ఇదంతా వదిన ఫోనులో చెప్పింది, గొంతు తగ్గించి.

"మాత్ర వేసుకుంటున్నాడా వదినా?"

"వేసుకుంటున్నారు. కానీ నీ పేరెత్తితే లేచి బయటికి వెళ్లిపోతున్నారమ్మా. కొన్నాళ్లు ఆగు."

ఆగాను. ఒక ఆదివారం బస్సు దిగి వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. గదిలో రాత్రి మాత్ర వేసుకునేటప్పుడల్లా అనుకునేదాన్ని, ఈ పాటికి అన్నయ్య కూడా వేసుకుని ఉంటాడని. ఒకే మందు, ఒకే రంగు మాత్ర. మేమిద్దరం కలిసి చేసే పని అదొక్కటే మిగిలింది. అదీ ఎవరి గదిలో వాళ్లం.

ఇందులో ఇంకో మాట మిగిలి ఉంది. డాక్టరమ్మ అన్నయ్య రిపోర్టు కింద రాసి పంపింది, పాపకి కూడా పరీక్ష చేయించాలని. రోజులు గడిచాయి. ఎవరూ రాలేదు. వదినని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఒక పొద్దున దోమ వచ్చి, "నీ వాళ్లనుకుంటాను" అన్నాడు.

గుమ్మం దగ్గర అన్నయ్య. చెయ్యి పట్టుకుని మేనకోడలు, బడి సంచీతో. అన్నయ్య చిక్కిపోయాడు. నన్ను చూడకుండా గోడ మీద అతికించిన గుండె బొమ్మ చూస్తూ నిలబడ్డాడు. పాపే లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"అత్తా, నొప్పి పుడుతుందా అని అడగమన్నాడు నాన్న."

"చీమ కుట్టినట్టు ఉంటుందని చెప్పు."

"నాన్నా, చీమ కుట్టినట్టు ఉంటుందంట."

"ఏ చీమో అడుగు. ఎర్రదా, నల్లదా?" అన్నాడు గోడతో.

"నల్లదే అని చెప్పు" అన్నాను. చేతికి పట్టీ కట్టి నరం వెతుకుతున్నాను. పిల్ల చెయ్యి సన్నం, నరం దొరకడం లేదు.

"మీ అత్త తన మాత్ర సరిగ్గా వేసుకుంటోందో లేదో కనుక్కో."

"వేసుకుంటున్నానని చెప్పు."

"వంట చేసుకుంటుందా, బయటే తింటుందా?"

"చేసుకుంటున్నానని చెప్పు."

పాప మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ ఇక్కడే ఉన్నారుగా! నన్నెందుకు మధ్యలో చంపుతారు? మీరే మాట్లాడుకోవచ్చుగా?"

"కదలకు" అన్నాను. సూది అప్పుడే లోపలికి వెళ్లింది. అన్నయ్య గోడ వదిలేసి రెండడుగుల్లో వచ్చి పాప భుజం పట్టుకున్నాడు. ట్యూబు నిండుతున్నంతసేపూ ముగ్గురం దాన్నే చూశాం. పాప కూడా కళ్లు మూసుకోలేదు.

దూది పెట్టాను. చెయ్యి మడిచి పట్టుకోమన్నాను. పాప ధైర్యంగా లేచి, బడికి టైమైపోతోందంది. అన్నయ్య సంచీ అందుకున్నాడు.

"ఎప్పుడు తెలుస్తుందో అడుగు."

పాప నోరు తెరిచేలోపే నేనే చెప్పాను, "సాయంత్రానికి అన్నయ్యా. నేనే ఫోన్ చేస్తాను."

తలూపాడు. వాళ్లిద్దరూ మెట్లు దిగి, రోడ్డు దాటి, బస్సు కోసం నిలబడ్డారు. వచ్చిన బస్సు నడుపుతున్నది అగ్గిపుల్ల అని కిటికీలోంచే గుర్తుపట్టాను. అన్నయ్య వెనక సీటులో, పాప పక్కన, అందరిలాగే టికెట్టు తీసుకుని కూర్చున్నాడు.

రక్తం గడ్డకట్టి నీరు పైకి తేలాలంటే అరగంట పడుతుంది. దాన్ని తొందరపెట్టడం ఎవరి వల్లా కాదు. దోమ టీకి రమ్మన్నాడు, నువ్వు వెళ్లిరా అన్నాను. పాప ట్యూబుని స్టాండులో పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ట్యూబు ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది. ఈ పిల్ల మాలా ఉండకూడదని, మా ఇద్దరిలో ఒక్కరిలా కూడా ఉండకూడదని, ఆ గదిలో ఒక్కదాన్నే కోరుకుంటూ కూర్చున్నాను.